ఒంటిమీది మంచి బాక్టీరియా జోలికి పోకుండా స్నానం చేయడం ఎలా?

అప్పుడే పట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు. చంకల్లో ఉండే బాక్టీరియా, ముఖ్యంగా స్టాఫైలోకాకస్ హోమినిస్, ఆ చెమటను విడగొట్టి గంధకం ఉన్న పదార్థాల్ని వదులుతుంది. ముక్కుకు తగిలేది వాటి వాసనే. కాబట్టి సబ్బు అవసరం చంకలకు, గజ్జలకు, పాదాలకు. దుమ్మూ జిడ్డూ అంటుకోని రోజు జబ్బలకీ పొట్టకీ పిక్కలకీ నీళ్లు చాలు.

చేతుల సంగతి వేరు. నేను మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. కొత్త బ్యాచ్ రాగానే అగర్ ప్లేట్ (బాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) మీద ఒక సగంలో కడగని వేలు, రెండో సగంలో కడిగిన వేలు ఒత్తిస్తాను. మర్నాడు ఇంక్యుబేటర్‌లోంచి, అంటే వెచ్చగా ఉంచే పెట్టెలోంచి తీస్తే చాలాసార్లు కడిగిన వైపే తెల్లటి చుక్కలు, అంటే బాక్టీరియా గుంపులు, ఎక్కువుంటాయి. గుర్తులు తారుమారు చేశావని పిల్లలు ఒకరినొకరు అనుకుంటారు. నిజానికి బయట నుంచి అంటుకొచ్చినవి కడిగితే పోతాయి, చర్మంలో కాపురం ఉండేవి కదిలి పైకొస్తాయి. జబ్బు తెచ్చేవి చాలావరకు మొదటి రకమే. అందుకే తినే ముందు, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, గోళ్ల సందులతో సహా 20 సెకన్లు రుద్దాల్సిందే.

దానికి మామూలు సబ్బు చాలు. ‘యాంటీబాక్టీరియల్’ అన్న ముద్ర చూసి మోజుపడకండి. మామూలు సబ్బు కంటే మెరుగని కంపెనీలు రుజువు చూపలేకపోవడంతో 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ట్రైక్లోసాన్ అనే బాక్టీరియా నాశినితో కలిపి 19 పదార్థాల్ని ఇంట్లో వాడే సబ్బుల్లోంచి తీసేయమంది. ఆపరేషన్‌కి ముందు ఒళ్లు కడుక్కోమని డాక్టరు ఇచ్చే ద్రావణం మాత్రం మానకండి.

పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. చర్మం పీహెచ్ 5 దగ్గర, సబ్బుబిళ్లది 9, 10 దాకా ఉంటుంది. మన చర్మంమీది బాక్టీరియాకి ఆ కాస్త ఆమ్లగుణమే హాయి. స్నానమయ్యాక ఒళ్లు బిగుసుకున్నట్టుంటే పీహెచ్ 5.5 అని రాసున్న క్లెన్సర్‌కి మారండి, నీళ్ల వేడి తగ్గించండి. కాలివేళ్ల మధ్య తుడవడం చాలామంది ఎగ్గొడతారు. ఆ తడిలో ఫంగస్ కూడా చేరుతుంది. దురద, పగుళ్లు, రసి కనిపిస్తే సబ్బులు మార్చడం మాని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఇంత చేసినా వాసన పోకపోతే చొక్కాను అనుమానించండి. పాలిస్టర్‌లో మైక్రోకాకస్ అనే వాసన తెచ్చే బాక్టీరియా బాగా పెరుగుతుంది. వ్యాయామం చేసి విప్పిన బట్టల్ని ముద్దచేసి బుట్టలో పడేయకుండా వెంటనే ఉతకండి. కుదరకపోతే కనీసం తీగమీద ఆరేయండి.