మెషీన్‌కు తాళం (లాకౌట్) – 3వ పాఠం: తాళం పడ్డాక మిగిలే పని

మెషీన్ బాగుచేసేటప్పుడు ఎవరూ దాన్ని నడపకుండా ఐసొలేటర్ (కరెంటు తెంచే మెయిన్ స్విచ్) దించి, హాస్ప్ (తాళాలు పట్టే కొక్కెం) తగిలించి, తాళం వేసి, పేరూ తేదీ రాసిన ట్యాగ్ కట్టడం వరకు కిందటి పాఠంలో చూశాం. పని అయిపోయిందనుకుని చెయ్యి లోపల పెట్టేది సరిగ్గా ఇక్కడే. తాళం కొత్తగా వచ్చే శక్తిని ఆపుతుంది, అంతే. అప్పటికే లోపల నిలిచి ఉన్నదాని జోలికి అది పోదు.

ముందు గాలి సంగతి. మెయిన్ వాల్వ్ మూసి తాళం వేశాక, బ్లీడ్ వాల్వ్ (లోపలి గాలిని బయటికి వదిలేది) తెరిచి గేజ్ సున్నాకు వచ్చేదాకా గాలి వదలండి. గేజ్ సున్నా చూపినా సిలిండర్‌లో గాలి ఉండవచ్చు. మధ్యలో చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) ఉంటే, దాని అవతల చిక్కిన గాలి గేజ్‌కు కనబడదు. ఇరుక్కున్న వస్తువును లాగగానే రాడ్ ఒక్కసారిగా దూసుకొచ్చేది దీనివల్లే. అలాంటి సిలిండర్‌కు గాలి వదిలే చోటు విడిగా వెతకాలి. ప్రెస్ ర్యామ్ (కిందికి దిగి నొక్కే బరువైన భాగం) పైన ఉంటే నూనె ఒత్తిడిని నమ్మొద్దు. కిందికి దించండి, లేదా దాని బరువుకు తగిన సేఫ్టీ బ్లాక్ పెట్టండి. చేతికందిన చెక్కముక్క సేఫ్టీ బ్లాక్ కాదు.

ఇక డ్రైవ్‌లు, అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టెలు. 415 వోల్టుల సప్లై ఉన్న డ్రైవ్‌లో కెపాసిటర్ల (కరెంటును నిల్వ చేసే భాగాల) మీద దాదాపు 587 వోల్టుల డీసీ నిలుస్తుంది. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది. గడియారం చూసి ఆగండి. డిస్‌ప్లే ఆరిపోవడం రుజువు కాదు. మీటరును డీసీలో పెట్టి, బస్ టెర్మినళ్ల (ఆ డీసీ అందే ప్లస్, మైనస్ కొసల) మధ్య కొలవండి.

కరెంటు లేదని తేల్చడానికి మూడు మెట్లు. మొదట టెస్టర్‌ను కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి. తర్వాత మనం పనిచేసే చోట మూడు ఫేజుల మధ్య మూడు కొలతలు, ఒక్కో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య మరో మూడు తీయండి. చివర మళ్లీ మొదటి చోటికే వెళ్లి టెస్టర్ ఇంకా పనిచేస్తోందో లేదో చూడండి. ఈ మూడో మెట్టునే జనం ఎగ్గొడతారు. ప్రోబ్ తీగ లోపల తెగినా మీటరు సున్నాయే చూపిస్తుంది మరి!

ఆ తర్వాతే స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. మెషీన్ కదలకపోవడం ఒక్కటే చాలదు. గార్డు తెరిచి ఉన్నా ఇంటర్‌లాక్ (గార్డు మూస్తేనే మెషీన్‌ను నడవనిచ్చే స్విచ్) దాన్ని కదలనివ్వదు. చూశాక స్విచ్‌ను మళ్లీ ఆఫ్‌లో పెట్టడం మరవొద్దు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాం కదా అంటారా? అది కంట్రోల్ సర్క్యూట్‌నే తెంచుతుంది. పవర్ మాత్రం ప్యానెల్‌లో అలాగే ఉంటుంది.

షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాళ్లు తమ తాళం వేశాకే వెళ్లేవాళ్లు తమది తీయాలి. ఒకరి తాళం చెవి ఇంకొకరి చేతికి పోకూడదు.

శిక్షణ అందరికీ ఒకటే కాదు. అమెరికాలో 1989లో వెలువడిన ఓషా (అక్కడి ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ) నిబంధన 1910.147 తాళం వేసేవారికి, ఆ మెషీన్ నడిపేవారికి, ఆ చుట్టుపక్కల పనిచేసేవారికి వేర్వేరు శిక్షణ అడుగుతుంది. ఏడాదికోసారైనా పద్ధతిని తనిఖీ చేయాలంటుంది. ఆ తనిఖీ చేసేది రోజూ ఆ పద్ధతిని వాడే మనిషి కాకూడదు. అలవాటైన కంటికి తప్పు ఆనదు కాబట్టి, మాకు బాగా నచ్చిన షరతు ఇదే.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక మెషీన్ తీసుకుని, తాళం పడ్డాక కూడా అందులో శక్తి నిలిచే చోట్లన్నీ రాయండి. ఒక్కోదాని ఎదుట దాన్ని ఎలా వదులుతారో, వదిలిందని దేనితో కొలుస్తారో రాయండి. దేనితో కొలుస్తారో రాసే గడి ఖాళీగా మిగిలిన వరుసలను పక్కన పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటితోనే మొదలుపెడదాం.