మాలాక్ అడిగిన 1 జీబీ ఎక్కడుంది? లైనక్స్‌లో మీరే చూసుకోండి

సీ ప్రోగ్రామ్‌లో మెమరీ అడిగే ఫంక్షన్ మాలాక్‌తో 1 జీబీ అడిగితే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అసలు భాగం) వెంటనే జీబీ ర్యామ్ తీసి ఇస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ అది ఇచ్చేది అడ్రస్‌లు మాత్రమే. వెంచర్ వేసినవాళ్లు ప్లాట్ నంబర్లు రాసిచ్చినట్టన్నమాట, అక్కడ ఇల్లు ఇంకా కట్టలేదు.

చిన్న సీ ప్రోగ్రామ్ ఒకటి రాయండి. ముందు ప్రాసెస్ ఐడీ ప్రింట్ చేసి, మాలాక్‌తో 1 జీబీ అడిగి, ఎంటర్ కొట్టేదాకా ఎదురుచూసే గెట్‌చార్ పెట్టి ఆపండి. తర్వాత మెమ్‌సెట్‌తో ఆ జీబీ మొత్తం 1తో నింపి, ఇంకో గెట్‌చార్ పెట్టండి. ఆప్టిమైజేషన్ ఫ్లాగులు మాత్రం ఇవ్వకండి, ఈ మెమరీని ఎవరూ చదవడం లేదు కదా అని కంపైలర్ అతి తెలివితో మొత్తం ఎత్తేసే ప్రమాదం ఉంది.

మొదటి గెట్‌చార్ దగ్గర ఆగినప్పుడు ఇంకో టెర్మినల్‌లో పీఎస్ ఏయూఎక్స్ అనే కమాండ్ కొట్టి మీ ప్రాసెస్ లైన్‌లో వీఎస్‌జెడ్ (ఇచ్చిన అడ్రస్‌ల మొత్తం), ఆర్ఎస్ఎస్ (నిజంగా ర్యామ్‌లో ఉన్నది) కాలమ్‌లు చూడండి. వీఎస్‌జెడ్ పది లక్షల కేబీ దాటి ఉంటుంది, ఆర్ఎస్ఎస్ ఒకటి రెండు ఎంబీల దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఎంటర్ కొట్టి మళ్లీ చూస్తే ఆర్ఎస్ఎస్ కూడా జీబీ దాటేస్తుంది. మీ ప్రోగ్రామ్ ఒక పేజీని (కెర్నల్ మెమరీని పంచే చిన్న ముక్క) మొదటిసారి ముట్టుకోగానే సీపీయూ పేజ్ ఫాల్ట్ (ఈ అడ్రస్ వెనక ర్యామ్ లేదన్న సంకేతం) ఇస్తుంది, కెర్నల్ ఆ అడ్రస్ తాను ఇచ్చినదేనా అని తన లెక్కల్లో చూసుకుని, అవునంటే సున్నాలతో నింపిన పేజీ ఒకటి తెచ్చి పేజ్ టేబుల్‌లో (ఏ అడ్రస్‌కి ర్యామ్‌లో ఏ చోటు అని చెప్పే పట్టిక) ఎక్కించి, ఆగిపోయిన ఇన్‌స్ట్రక్షన్‌నే మళ్లీ నడిపిస్తుంది. కాదంటే సెగ్‌మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. పేజీ 4 కేబీ కాబట్టి 262144 ఫాల్ట్‌లు రావాలి కదా అని లెక్కపెట్టుకోకండి, హ్యూజ్ పేజెస్ (పెద్ద పేజీలు వాడే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఒక్కోసారి 2 ఎంబీ ఒకేసారి వచ్చేస్తుంది.

ఇప్పుడు ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లో మీ ప్రాసెస్ ఐడీ ఫోల్డర్‌లోని మ్యాప్స్ ఫైల్ తెరవండి. హీప్ (మాలాక్ చిన్న మెమరీలు ఇచ్చే చోటు) అని రాసున్న లైన్ చూస్తే 132 కేబీ ఉంటుంది, అంతే! ఇక్కడే నాకు ఒక పూట పోయింది. మాలాక్ ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ మామూలుగా 128 కేబీ లోపు అడిగితే బీఆర్‌కే అనే కెర్నల్ కాల్‌తో హీప్‌ని పెంచుతుంది, అంతకు మించితే హీప్ బయట వేరే చోటు అడిగే ఎమ్‌మ్యాప్ అనే కాల్‌ని పిలుస్తుంది. అందుకే మీ జీబీ పేరు లేని లైన్‌లో, 7ఎఫ్‌తో మొదలయ్యే అడ్రస్‌ల దగ్గర ఉంటుంది. ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే ఆ అడ్రస్ మారిపోతుంది, ఏఎస్ఎల్ఆర్ (దాడి చేసేవాళ్లు అడ్రస్ ఊహించలేకుండా చేసే రక్షణ) కావాలనే అలా కలిపేస్తుంది. ఒకే అడ్రస్ రావాలంటే సెట్‌ఆర్చ్ అనే కమాండ్‌కి మైనస్ పెద్ద ఆర్ ఇచ్చి దాని కింద నడపండి.

ఉత్సాహం ఆగకపోతే 1 జీబీ చొప్పున వందసార్లు అడిగి చూడండి. 64 బిట్ ఎక్స్86లో ఒక్కో ప్రాసెస్‌కి మామూలుగా 128 టీబీ అడ్రస్‌లు ఉంటాయి, డిఫాల్ట్ సెట్టింగ్‌లో మామూలు ల్యాప్‌టాప్ కూడా సరే అనేస్తుంది. ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) రెండూ కలిపినా చాలనంత ఒకే దెబ్బకు అడిగితేనే కాదంటుంది. అవన్నీ మెమ్‌సెట్ చేసేముందు మాత్రం తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేసుకోండి, మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను ఆపేసే ఓఓఎమ్ కిల్లర్ వచ్చినప్పుడు మీ టెస్ట్ ప్రోగ్రామ్‌నే లేపేస్తుందన్న గ్యారంటీ లేదు.