పాత తుర్క్‌మెన్ నేతను పరిశీలించే పద్ధతి

పాత తుర్క్‌మెన్ నేత ఒకటి చేతికి వచ్చినప్పుడు దాని వయసెంత, వెల ఎంత అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, అది గుడారంలో ఏ పనికి ఉపయోగపడిందో ముందుగా తేల్చుకోవాలి. కాస్పియన్ సముద్రానికి తూర్పున, ఆము దర్యా నది వరకు పరచుకున్న నేలలో మందలతో తిరిగిన టెక్కే, యోముద్, సారిక్, సాలోర్, ఎర్సారీ, చౌదూర్ అనే తుర్క్‌మెన్ తెగల స్త్రీలు నేల మీద మేకులు దిగగొట్టి పరిచిన మగ్గాలపై తివాచీలను మాత్రమే నేయలేదు. సామాను దాచే సంచులు, గుడారపు వాకిలికి కట్టే తెరలు, గుడారం చట్రాన్ని చుట్టి బిగించే పొడవాటి పట్టీలు, పెళ్లి ఒంటెకు అలంకారాలు, ఇలా ఇంటి సామగ్రిలో ఎంతో భాగాన్ని వారే నేసుకున్నారు. చిన్న తివాచీ అన్న పేరుతో అమ్మకానికి వచ్చేవాటిలో చాలావరకు వెనుక భాగం తీసేసిన సంచి ముఖాలే.

అందుచేత మొదట కొలతలు, ఆకారం చూడండి. సుమారు 120 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నది చువాల్ అనే పెద్ద సంచి ముఖం కావచ్చు. వెడల్పు దాదాపు అంతే ఉండి ఎత్తు అందులో సగానికి దగ్గరగా ఉంటే తోర్బా కావచ్చు. అయిదు కోణాలతో ఉన్నది అస్మాలిక్. పెళ్లికూతురిని తీసుకువెళ్లే ఒంటెకు రెండు పక్కలా వేలాడదీయడానికి దానిని జంటగా నేసేవారు. నిలువు, అడ్డం పట్టీలతో నాలుగు గళ్లుగా విడిపోయిన నేత సాధారణంగా ఎన్సి, అంటే వాకిలి తెర. ఆ తరువాత అంచులను వేలితో తడిమి చూడాలి. సంచి ముఖాన్నీ వెనుక భాగాన్నీ ఒకే పడుగు (మగ్గం మీద పొడవునా బిగించిన దారాలు) మీద వరసగా నేసి అడుగున మడిచేవారు కనుక, కింది అంచులో పడుగు పోగులు కత్తెరతో కోసినట్టు ఒకే గీతలో ముగిస్తే అక్కడ ఒకప్పుడు వెనుక భాగం ఉండేదని గ్రహించాలి. పై అంచున నూగు (ముడుల నుంచి పైకి లేచే ఉన్ని కొసలు) లేని సాదా నేతను లోపలికి మడిచి కుట్టిన ఆనవాలు, పక్కల్లో తాళ్లు కట్టిన గుర్తులు కూడా దొరకవచ్చు.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. నా దృష్టిలో ఈ పరిశీలనలో అత్యంత ముఖ్యమైన ఘట్టం ఇదే, ఎందుకంటే ముందువైపు రంగులు కన్నును మురిపిస్తాయి గాని, నేత తీరు దాగకుండా కనిపించేది వెనుకవైపే. పాత తుర్క్‌మెన్ పనిలో పడుగు సాధారణంగా తెల్లని లేదా లేత గోధుమ రంగు ఉన్నితో ఉంటుంది, కొన్నింటిలో మేక వెంట్రుకలు కూడా కలుస్తాయి. పడుగు అంతా నూలుదారమైతే ఆగి ఆలోచించాలి. బొఖారా పేరుతో పాకిస్తాన్‌లో టెక్కే నమూనాను అనుకరించి నేసిన తివాచీలకు ఉండేది నూలు పడుగే. బొఖారా అన్న ఆ పేరు కూడా తుర్క్‌మెన్ తివాచీలు అమ్ముడైన నగరం వల్ల వచ్చింది గాని నేసిన చోటు వల్ల కాదు.

ముడి ఎలాంటిదో తెలియాలంటే ముందువైపు నూగును రెండు చేతులతో వరస వెంబడి విప్పి, మొదట్లోకి చూడాలి. రెండు పడుగు పోగుల మీదుగా చిన్న అడ్డపట్టీలా పోయి, రెండు కొసలూ ఆ పోగుల మధ్య నుంచి కలిసి బయటికి వస్తే అది సౌష్ఠవ ముడి. ఒక పోగును మాత్రమే పూర్తిగా చుట్టి, కొసలు విడివిడిగా లేస్తే అసౌష్ఠవ ముడి. సారిక్ నేతలో ఎక్కువగా మొదటిది, టెక్కే, సాలోర్ నేతల్లో రెండవది కనిపిస్తాయి. యోముద్ స్త్రీలు రెండూ వాడారు. గుల్ అనే ఎనిమిది పలకల పతకాన్ని చూసి వెంటనే తెగ పేరు చెప్పేయడం తొందరపాటు. టెక్కే గుల్ నాలుగు భాగాలుగా చీలి, సన్నని ముదురు గీతల గళ్లతో పక్కవాటికి కలుస్తుందన్నది నిజమే, అయితే ఒక తెగ నమూనాను మరొక తెగ తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. సాలోర్‌ల బలం తగ్గిన తరువాత వారి నమూనాలు ఇతరుల మగ్గాలపైకి చేరాయి. నమూనా అరువు తెచ్చుకోవచ్చు గాని, చేతికి అలవడిన ముడి అంత సులువుగా మారదు.

రంగుల పరీక్షకు పగటి వెలుతురు కావాలి. ఎరుపు మంజిష్ఠ వేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. పట్టుపోగులకు కొచినీల్ పురుగు ఇచ్చే గులాబీ ఛాయ ప్రత్యేకంగా కనిపిస్తుంది. నూగును విప్పి కొసనూ మొదలునూ పోల్చినప్పుడు, కొస బూడిద రంగుకు తిరిగి మొదట్లో మాత్రం గాఢమైన ఊదా నిలిచి ఉంటే, అది తొలినాటి రసాయనిక రంగు అయ్యే అవకాశం ఎక్కువ. కృత్రిమ ఊదా రంగు 1856లో, ఎరుపునిచ్చే కృత్రిమ అలిజరిన్ 1868–69లో పుట్టాయి కనుక ఆ కృత్రిమ రంగులు అంతకు ముందరి నేతలో ఉండవు. ట్రాన్స్ కాస్పియన్ రైలుమార్గం 1885లో అష్గాబాత్‌కు, 1888లో సమర్కంద్‌కు చేరి అమ్మకం కోసం నేసే సరుకుకు దారి తెరిచింది. 1881లో టెక్కేల గియోక్ తెపే కోట రష్యా సైన్యం చేతికి చిక్కడంతో టెక్కే జీవనం కూడా మారిపోయింది. ముదురు గోధుమ గీతలు చుట్టుపక్కల నూగు కంటే పల్లంగా అరిగి ఉంటే, ఇనుము కలిసిన ఆ రంగు ఉన్నిని తినివేసిందని అర్థం.

పద్దెనిమిదో శతాబ్దపు వస్తువని ఎవరైనా ధీమాగా చెబితే ఆధారం అడగండి. రేడియో కార్బన్ పరీక్ష 1650 తరువాతి కాలానికి తరచూ ఒకటికి మించిన తేదీలు చూపుతుంది కనుక అదొక్కటే తీర్పు చెప్పలేదు. తుర్క్‌మెనిస్తాన్ నుంచి తివాచీని బయటికి తీసుకువెళ్లాలంటే అష్గాబాత్ తివాచీ మ్యూజియం నిపుణుల ధ్రువపత్రం కావాలన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంటికి తెచ్చిన తరువాత ఉతకవద్దు, దులపడానికి కర్రతో కొట్టవద్దు. సన్నని వల అడ్డుపెట్టి వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ బలంతో రెండు వైపులా నడిపితే చాలు. చిమ్మట అనుమానం ఉంటే గాలి చొరని సంచిలో బిగించి, మైనస్ 20 డిగ్రీల చలిలో రెండు వారాలు ఉంచాలి. మడిచి దాచితే మడత దగ్గర పోగులు తెగుతాయి కనుక, ఆమ్ల రహిత కాగితం చుట్టిన గొట్టం మీద చుట్టి, పైన ఉతికిన నూలు గుడ్డ కప్పండి. ఊడిపోతున్న పక్కతాడును, పాత కుట్టును చక్కబెట్టాలన్న ఆత్రంతో కత్తిరించవద్దు, విడిపోయిన ముక్కను చిన్న కవరులో పెట్టి, ఏ అంచు నుంచి వచ్చిందో దాని మీద రాసి నేతతోపాటే భద్రపరచండి.