వానాకాలంలో వైజాగ్‌లో పరుగు: కుక్కలు, పాములు, కొండ జంతువుల విషయంలో జాగ్రత్తలు

వైజాగ్ నేవీ మారథాన్ ఏటా సంవత్సరం చివర్లో జరుగుతుంది. దానికి సిద్ధమయ్యేవాళ్ల లాంగ్ రన్‌లు (ఎక్కువ దూరం పరుగులు) ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. అవే వానల నెలలు. పాములు బయట ఎక్కువగా తిరిగేదీ, వీధికుక్కలు జతకట్టి గుంపులుగా తిరిగేదీ కూడా అప్పుడే. వీటికి తోడు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. జూన్‌లో మన దగ్గర ఐదున్నరలోపే సూర్యుడు వచ్చేస్తాడు. నవంబరు మధ్యకి వచ్చేసరికి ఆరు దాటుతుంది. అలారం మాత్రం అదే నాలుగున్నరకి మోగుతుంది. వారం వారం మనం పెంచుకునే దూరంలో చాలా భాగం చీకట్లోనే పడుతుందన్నమాట.

పరిగెత్తేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన పని ఆగడం. వాచీలో పేస్ (పరుగు వేగం) కనిపిస్తుంటుంది, ఊపిరి ఒక లయలో పడి ఉంటుంది, ఇంకో రెండు కిలోమీటర్లేగా అనిపిస్తుంది. కానీ జంతువు ఎదురైనప్పుడు దాదాపు ప్రతిసారీ మనల్ని కాపాడేది ఆ ఆగడమే. కాబట్టి దాన్ని కూడా ట్రైనింగ్‌లో భాగంగానే నేర్చుకోవాలి. మా పరుగు గ్రూపులో కొత్తగా చేరేవాళ్లకు నేను షూ గురించి చెప్పేముందు ఇదే చెబుతాను.

ముందు కుక్కల సంగతి

ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి వైపు వెళ్దామంటే అందరూ చిరుత గురించి అడుగుతారు. కుక్కల గురించి అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఈ ఊళ్లో పరిగెత్తేవాళ్లకు రోజూ ఎదురయ్యే ప్రమాదం కుక్కే. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున వాహనాల్ని రానివ్వని భాగంలో ఇబ్బంది తక్కువ. అక్కడ జనం ఉంటారు, కుక్కలకీ వాళ్లు అలవాటే. తెన్నేటి పార్కు దాటి సాగర్‌నగర్ వైపు వెళ్లేకొద్దీ మనుషులు పలచబడతారు. మధురవాడ కొత్త లేఅవుట్లు, ఆరిలోవ సందులు, కొండ వారగా చికెన్ వ్యర్థాలు పారబోసే చోట్లు ఇంకా ఇబ్బంది. తిండి దొరికే చోటును కుక్కలు తమ సొంతం అనుకుంటాయి. చీకట్లో ఒంటరిగా పరుగెత్తుకుంటూ వచ్చే మనిషి వాటికి దొంగతో సమానం.

దూరం నుంచే గుంపు కనబడితే నడకలోకి దిగండి, రోడ్డు అవతలి వైపుకి మారండి. అప్పటికే మీదికి వస్తుంటే ఆగిపోండి. చేతులు ఊపకుండా ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, కొంచెం పక్కకి తిరిగి నిలబడండి, కళ్లల్లోకి చూడకండి. గట్టిగా, అరుపులా కాకుండా, ‘ఛీ, పో’ అనండి. తర్వాత వీపు చూపించకుండా మెల్లగా వెనక్కి అడుగులు వేయండి. చాలాసార్లు వాటి వీధి హద్దు దాటితే చాలు, వదిలేస్తాయి. చేపల బుట్టలతో తెల్లారే బయల్దేరే అమ్మలు ‘లగెత్తకు బాబూ, నిల్చో, అదే ఎల్లిపోద్ది’ అంటుంటారు. వాళ్లు ఆ కుక్కల మధ్య నుంచే రోజూ వెళ్తారు. ఆ మాట నమ్మొచ్చు.

రాయి తీసుకున్నట్టు వంగడం ఒంటరి కుక్క మీద చాలాసార్లు పనిచేస్తుంది. రాయి విసరడం మాత్రం వద్దు. రేపు అదే దారిలో ఇంకొకరు పరిగెత్తాలి, ఆ కోపం వాళ్ల మీద చూపిస్తుంది. నడుముకి కట్టుకునే పౌచ్, చేతిలోని నీళ్ల సీసా కుక్కకీ మీకూ మధ్య అడ్డం పెట్టండి. కిందపడితే ముడుచుకుని రెండు చేతులతో మెడ, చెవులు కప్పుకోండి. శీతాకాలంలో పిల్లలున్న తల్లికుక్కలు ఉంటాయి. ఆ వీధి కొన్ని వారాలు వదిలేయడమే మంచిది.

కరిచిందా, గోరు గీరిందా, పుండు మీద నాకిందా, అన్నిటికీ మొదటి పని ఒక్కటే. పక్కనే ఏ ఇంటి కుళాయి ఉంటే అక్కడ సబ్బు అడిగి, పారే నీళ్ల కింద గాయాన్ని పదిహేను నిమిషాలు కడగాలి. అంతసేపు అక్కర్లేదనిపిస్తుంది, అయినా పూర్తిగా కడగండి. పసుపు, కారం, సున్నం, నూనె ఏవీ పెట్టకండి. తర్వాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా ఇవ్వాలి. అది ఇచ్చారో లేదో మీరే అడగండి. కుక్కను పది రోజులు గమనించి అప్పుడు చూద్దాం అని టీకా ఆపకండి. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. వారంలో నాలుగైదు రోజులు చీకట్లో పరిగెత్తేవాళ్లు ముందస్తు టీకా గురించి డాక్టరుతో మాట్లాడి ఉంచుకోవచ్చు. అది వేయించుకున్నవాళ్లని తర్వాత కుక్క కరిస్తే రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం పడదు. అలాగని కడగడం, ఆసుపత్రికి వెళ్లడం మానకూడదు.

పాములు

వాన పడితే బొరియల్లోకి నీళ్లు చేరతాయి. కప్పలు రోడ్డెక్కుతాయి, ఎలుకలు మెరక చూసుకుంటాయి, వాటి వెనక పాములు వస్తాయి. వాన వెలిసిన సాయంత్రం తారు రోడ్డు ఇంకా వెచ్చగా ఉంటుంది, పాము వచ్చి దాని మీద పడుకుంటుంది. కైలాసగిరి మెట్ల దారి, యారాడ కొండ దారి, అడవివరం నుంచి ముడసర్లోవ మీదుగా హనుమంతవాక వచ్చే రోడ్డు, ఇవన్నీ పరిగెత్తడానికి ఎంత బాగుంటాయో పాములకూ అంత అనువు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లు 32 కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో రాత్రంతా నడుస్తారు. ఆ రాత్రి దారి పొడవునా దీపాలు, జనం ఉంటారు. మర్నాటి నుంచి అదే దారిలో తెల్లవారుజామున ప్రాక్టీసుకి వెళ్లేవాళ్లకి ఆ రెండూ ఉండవు.

మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వీటిలో పరుగుకి సంబంధించినంతవరకు నన్ను భయపెట్టేది రక్తపింజరి. నాగుపాము, జెర్రిపోతు అలికిడికి తప్పుకుంటాయి. రక్తపింజరి చాలాసార్లు కదలదు. ఎండుటాకుల్లో కలిసిపోయి పడుకుంటుంది. దాని బుస కుక్కర్ విజిల్ అంత గట్టిగా ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే అది కూడా వినపడదు. అందుకే కొండ దారుల్లో, పొదలు ఉన్న రోడ్ల మీద ఇయర్‌ఫోన్లు వద్దని గట్టిగా చెబుతాను. ఒక చెవిలో మాత్రమే పెట్టుకుంటాం అంటారు. ఆ ఒక్కటి కూడా ఆ దారుల్లో వద్దు.

ఫోన్ టార్చ్ చేతిలో పట్టుకుని పరిగెత్తితే వెలుగు ఊగుతుంది, అడుగు పడే చోటు కనబడదు. హెడ్‌ల్యాంప్ పెట్టుకోండి, దాన్ని నాలుగైదు అడుగుల ముందుకి వంచి పెట్టండి. రోడ్డు మధ్య, లేదా గడ్డికి దూరంగా ఉన్న వైపు పరిగెత్తండి. చీలమండ కప్పే మందపాటి సాక్సులు, పొడవాటి ప్యాంటు పూర్తి రక్షణ ఇవ్వవు, కానీ కోర తగిలే లోతు తగ్గొచ్చు. మూత్రానికి పొదల్లోకి వెళ్లకండి. లేసు కట్టుకోవడానికి రాతి గోడ మీద చేయి పెట్టేముందు వెలుగు వేసి చూడండి. బయట అరుగు మీద ఆరబెట్టిన షూ తొడిగేముందు దులపండి. ఇల్లు దాటకముందే పాము కరిచినవాళ్లు ఉన్నారు.

పాము కనబడితే ఆరడుగులకి తగ్గకుండా దూరం ఉంచి ఆగండి, దాన్ని వెళ్లనివ్వండి. తూర్పు కనుమల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) కూడా ఉంది. మనిషి కనబడితే తప్పుకునే జీవి అది. కానీ మన దేశంలో మామూలుగా దొరికే పాము విషపు విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికి తయారుచేసింది, గిరినాగుకి కాదు. వీడియో కోసం ఎవరైనా దగ్గరికి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి.

కాటు పడితే ఆ క్షణం నుంచి ఒక్క అడుగు కూడా పరిగెత్తకూడదు. కూర్చోబెట్టండి, ధైర్యం చెప్పండి. షూ, వాచీ, ఉంగరం, పట్టీలు తీసేయండి, తర్వాత వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. కరిచిన కాలిని కదలకుండా కర్రతోనో, మడిచిన అట్టతోనో కట్టండి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం, వీటిలో ఏదీ మేలు చేయదు. బిగించిన కట్టుతో కాలే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు బండి దొరికితే నడిపేవాళ్లకీ వెనక కూర్చునేవాళ్లకీ మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పామును వెతుకుతూ ఆలస్యం చేయకండి, దాన్ని చంపి సంచిలో తేవడం అసలే వద్దు. కాటు పడ్డ సమయం రాసుకోండి, వాపు ఎంతవరకు వచ్చిందో పెన్నుతో గీత గీయండి, డాక్టరుకి అవి పనికొస్తాయి. ఏమీ కాలేదనిపించినా ఒక రోజంతా ఆసుపత్రిలో ఉండాల్సిందే. కట్లపాము కాటుకి నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి.

మీ దారికి దగ్గరలో విరుగుడు మందు, రేబిస్ టీకా రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని ఉంచండి. నగరంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అందరికీ తెలుసు. భీమిలి వైపో యారాడ వైపో వెళ్లేవాళ్లు ఆ దారిలోని ప్రభుత్వాసుపత్రికి ఒకసారి వెళ్లి అడిగి రావడం మంచిది.

కొండ వైపు వెళ్తే

కంబాలకొండ 70 చదరపు కిలోమీటర్లు దాటిన అభయారణ్యం. పక్క నుంచే జాతీయ రహదారి పోతుంది, చుట్టూ ఇళ్లు లేచాయి. అక్కడ చిరుతలు, అడవిపందులు, నక్కలు ఉన్నాయి. చిరుత మనిషిని తప్పించుకునే తిరుగుతుంది, వీధికుక్కల కోసం ఊరి అంచుకి వస్తుంది. చెత్త ఉన్నచోట కుక్కలు, కుక్కలు ఉన్నచోట చిరుత. పరుగులో తిన్న జెల్ ప్యాకెట్టు, అరటి తొక్క కొండ దారిలో పారేయకండి అని నేను విసిగించేది అందుకే. ఇది శుభ్రత కోసం మాత్రమే చెప్పే మాట కాదు.

అభయారణ్యం లోపలికి అనుమతించిన దారిలో, అనుమతించిన వేళల్లోనే వెళ్లాలి. తెల్లవారకముందు, చీకటి పడుతుండగా దాని అంచు రోడ్లు కూడా వదిలేయండి. ఒంటరిగా వద్దు, పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వొద్దు. చిరుత కనబడితే వంగొద్దు, కూర్చోవద్దు, లేసు ముట్టుకోవద్దు. నిటారుగా నిలబడి చేతులు పైకెత్తి, గట్టిగా మాట్లాడుతూ, దాని వైపే ముఖం ఉంచి వెనక్కి జరగండి. పిల్లలుంటే ముందు ఎత్తుకోండి. పిల్లలతో ఉన్న అడవిపంది ఎదురైతే దారి దానికి వదిలి గోడో గట్టో ఎక్కండి.

సింహాచలం దగ్గర కోతులకి తిండి కనబడకుండా ఉంటే చాలు. చేతిలో కవరు పట్టుకోకండి, వాటిని చూసి పళ్లు బయటపెట్టి నవ్వకండి. లాక్కుంటే వదిలేయండి. కోతి కరిచినా కుక్క కాటుకి చేసిందంతా చేయాలి.

పండక్కి శ్రీకాకుళం ఉద్దానం వైపు సొంతూరు వెళ్లి అక్కడ కూడా ప్రాక్టీసు ఆపనివాళ్లు ఎలుగుబంటిని మనసులో పెట్టుకోవాలి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి చనిపోయాడు. జీడితోటల్లో తెల్లవారుజామున పరుగు వద్దు. వెళ్లక తప్పకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగు ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది.

తేనెటీగలు లేస్తే మాత్రం ఆగకూడదు. చొక్కా మీదికి లాగి ముఖం కప్పుకుని, కారులోకో గదిలోకో దూరేవరకు పరిగెత్తాలి. చేతులతో కొడితే ఇంకా వస్తాయి. నీళ్లలోకి దూకితే పైన కాచుకుని ఉంటాయి. ముళ్లను గోటితో గీకి వెంటనే తీసేయండి. గొంతు బిగుసుకున్నా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా 108కి ఫోన్ చేయండి.

గ్రూపులో కబుర్లు

ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి, లైవ్ లొకేషన్ పెట్టి బయల్దేరండి. జేబులో ఫోన్, కొంచెం డబ్బు, రక్తం గ్రూపు రాసిన చీటీ ఉండాలి.

ఏదైనా కనబడితే ఎక్కడ, ఎన్ని గంటలకి, ఏ వైపు వెళ్లింది అన్న మూడు ముక్కలే గ్రూపులో పెట్టండి, అటవీశాఖ వాళ్లకీ చెప్పండి. 2022లోనే కాకినాడ జిల్లా నుంచి అనకాపల్లి వైపు ఒక పెద్దపులి వచ్చి పశువుల్ని చంపింది. అలాంటప్పుడు పాత వీడియోలు కొత్త పేర్లతో తిరిగితే నిజంగా జంతువు ఉన్న దారిని ఎవరూ పట్టించుకోరు. మీ కళ్లతో చూడనిది, తేదీ తెలియనిది ముందుకి పంపకండి. ఎవరైనా పంపితే ఎప్పటిది, ఎవరు తీశారు అని గ్రూపులోనే అడగండి.