తీర్పు చదవడం నేర్చుకుందాం – 4: సూత్రాన్ని తిరగేసి చూడడం

పోయిన పాఠంలో మాక్‌ఫర్సన్ కేసు ఇచ్చి, ఆ తీర్పు ఏ సూత్రాన్ని నిలబెట్టిందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. చాలామంది ఒకే రకం జవాబు రాశారు: "లోపమున్న వస్తువును తయారుచేసిన ప్రతి కంపెనీ, దానివల్ల దెబ్బతిన్నవాళ్లకి పరిహారం ఇవ్వాలి." కొందరు పూర్తిగా రెండో కొసకి వెళ్లారు: "బ్యూక్ కారు చెక్క చక్రం విరిగితే బ్యూక్ కంపెనీదే బాధ్యత." మొదటిది ఆ కోర్టు అనని మాట. రెండోది తప్పు కాదు గానీ ఇంకో కేసుకి అక్కరకు రాదు. ఈసారి ఒబిటర్ గురించి, అంటే తీర్పులో ఉన్నా ఫలితానికి అవసరం లేని మాటల గురించి, మొదలుపెట్టాల్సింది. దాన్ని వాయిదా వేసి ఇక్కడే ఆగుదాం. ఇది కుదరకుండా ముందుకెళ్తే రాబోయే పాఠాలన్నీ వంకరపోతాయి.

కేసు మరోసారి. న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు, 1916 మార్చి 14, తీర్పు రాసింది జడ్జి కార్డోజో. బ్యూక్ కంపెనీ కారును డీలరుకి అమ్మింది, డీలరు మాక్‌ఫర్సన్‌కి అమ్మాడు. నడుస్తుండగా కారు కుప్పకూలి ఆయన బయటికి పడ్డాడు. ఒక చక్రం నాసిరకం చెక్కది, దాని ఆకులు (స్పోకులు) ముక్కముక్కలైపోయాయి. ఆ చక్రం బ్యూక్ చేసింది కాదు, వేరే కంపెనీ దగ్గర కొన్నది. తగుపాటి పరీక్ష చేసి ఉంటే లోపం బయటపడేదనీ, ఆ పరీక్ష చేయలేదనీ సాక్ష్యం ఉంది. తెలిసి దాచిపెట్టారన్న ఆరోపణ మాత్రం లేదు. వాది కింది కోర్టులోనూ గెలిచాడు, ఇక్కడా గెలిచాడు.

ఇప్పుడు పనిముట్టు. 1870లో హార్వర్డ్ లా స్కూలు డీన్ అయిన లాంగ్‌డెల్, మరుసటి ఏడాది కాంట్రాక్టు కేసుల సంకలనం తెచ్చి, సూత్రాలు వల్లె వేయించే పాఠాల స్థానంలో తీర్పుల్నే తరగతిలో పెట్టాడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లకి ఆ పద్ధతి అమెరికాలోని పేరున్న లా స్కూళ్లకి పాకింది. ప్రొఫెసరు ఒక విద్యార్థిని కేసు చెప్పమంటాడు. చెప్పాక వాస్తవం ఒకటి మార్చి, ఇప్పుడు ఫలితం ఏమిటని అడుగుతాడు. ఆ ప్రశ్నకి తట్టుకోవాలంటే, తీర్పులో ఏ మాటకి తర్వాతి కోర్టులు కట్టుబడాలో ముందే తేల్చుకుని ఉండాలి. 1892లో హార్వర్డ్‌కి వచ్చిన యూజీన్ వాంబా, విద్యార్థుల కోసం రాసిన పుస్తకంలో అందుకొక పరీక్ష చెప్పాడు. 2018లో మన సుప్రీంకోర్టు కూడా, గుజరాత్ ప్రభుత్వానికీ ఒక వినియోగదారుల సంఘానికీ మధ్య నడిచిన కేసులో, రేషియో (తీర్పులో కట్టుబడాల్సిన సూత్రం) గురించి మాట్లాడుతూ ఈ పరీక్షను ప్రస్తావించింది.

పరీక్షకి మూడు మెట్లు. తీర్పు నిలబెట్టిందనుకున్న సూత్రాన్ని ఒక్క వాక్యంలో రాయండి. దాని అర్థం తిరగబడేలా ఒక మాట చేర్చండి. కోర్టు ఈ తిరగేసిన సూత్రమే సరైనదని నమ్మి ఉంటే, ఇదే తీర్పు ఇవ్వగలిగేదా అని అడగండి. ఇవ్వగలిగేది అంటే, మీ సూత్రం ఎంత మంచిదైనా ఈ కేసు దానికి ఆధారం కాదు. ఇవ్వలేకపోయేది అంటే, ఆధారమే.

అందరూ జారేది రెండో మెట్టు మీద, అదీ తెలుగులో రాసేటప్పుడు మరీ ఎక్కువగా.

"ప్రతి తయారీదారుకీ బాధ్యత ఉంది" అన్నదాన్ని తిరగేయమంటే "ఏ తయారీదారుకీ బాధ్యత లేదు" అని రాస్తారు. అప్పుడు మాక్‌ఫర్సన్ ఓడిపోవాలి, తీర్పు మారిపోతుంది, కాబట్టి మన సూత్రం నెగ్గింది అనుకుంటారు. నెగ్గలేదు. "ప్రతి" అన్నదానికి వ్యతిరేకం "ఏదీ కాదు" కాదు, "కొన్నిటికి కాదు". సరిగ్గా తిరగేస్తే "బాధ్యత లేని తయారీదారులూ ఉన్నారు" అని వస్తుంది. అది నిజమని నమ్మినా కార్డోజో ఇదే తీర్పు ఇవ్వగలడు, ఎందుకంటే బ్యూక్ ఆ మినహాయింపులో లేకపోవచ్చు. అంటే ఆ విశాలమైన సూత్రానికి ఈ కేసు ఆధారం కాదు. "తయారీదారులందరూ బాధ్యులు కారు" అన్న వాక్యమైతే అసలు రాయకండి. ఒక్కరూ కారనా, అందరూ కాకపోయినా కొందరు అవుతారనా? తెలుగులో రెండర్థాలూ వస్తాయి. మీకు కావలసిన అర్థం వైపు మీ కన్నే దాన్ని లాగేస్తుంది. "కానివాళ్లూ ఉన్నారు" అని రాస్తే ఆ చిక్కు ఉండదు.

ఇదే గోతిలో ఇంకో మూల ఉంది. మన వాక్యంలో షరతు ముందు, నామవాచకానికి అతుక్కుని వస్తుంది: "పరీక్షించకుండా అమ్మిన తయారీదారుకి బాధ్యత ఉంది." దీన్ని "పరీక్షించి అమ్మిన తయారీదారుకి బాధ్యత ఉంది" అని తిరగేసినవాళ్లు చాలామంది. అది వాస్తవాన్ని మార్చడం, సూత్రాన్ని తిరగేయడం కాదు. మార్చాల్సింది వాక్యం చివరి క్రియ: "పరీక్షించకుండా అమ్మిన తయారీదారుకి బాధ్యత లేదు." షరతు జోలికి వెళ్లకండి.

ఇప్పుడు మరో సూత్రం: "విడిభాగం చేసిన కంపెనీకి కూడా బాధ్యత ఉంది." తిరగేస్తే "లేదు". తీర్పు మారుతుందా? మారదు, చక్రం చేసిన కంపెనీ ఈ దావాలోనే లేదు. కార్డోజో కూడా విడిభాగాల తయారీదారుల దాకా వెళ్లవచ్చో లేదో ఇప్పుడు చెప్పనక్కర్లేదనే రాశాడు. "వాడేవాడితో ఒప్పందం లేకపోవడం తయారీదారు బాధ్యతకి అడ్డంకి కాదు" అన్న సూత్రాన్ని తిరగేసి చూడండి. మాక్‌ఫర్సన్‌కి బ్యూక్‌తో ఒప్పందం లేదు, కాబట్టి ఓడిపోతాడు. ఇది నిలిచింది.

ఇరుకు వాక్యాన్ని మాత్రం ఈ పరీక్ష పట్టుకోదు. "బ్యూక్ చెక్క చక్రం" వాక్యాన్ని తిరగేస్తే తీర్పు మారుతుంది, పరీక్ష పాసవుతుంది. దీనికి నేను వాడే దగ్గరి దారి ఇది. వాస్తవాల కింద పెన్సిలు గీత పెట్టి, ఒక్కొక్కటీ కొట్టేస్తూ, కోర్టు చెప్పిన కారణం ఇంకా నిలుస్తుందా అని చూడండి. చెక్క కొట్టేయండి: నిలుస్తుంది. బ్యూక్ పేరు కొట్టేయండి: నిలుస్తుంది. ఆ కారు గంటకి 50 మైళ్ల వేగానికి తయారైందని, ముగ్గురికి చోటుందని కార్డోజో ఎత్తి చూపాడు. మొదటిది ప్రమాదం ఊహించదగిందని, రెండోది డీలరు కాక ఇంకొకరు ఎక్కుతారని చూపడానికి. అవి చూపే విషయాల్ని కొట్టేస్తే కారణమే కూలుతుంది. మిగిలేది ఇది:

"నిర్లక్ష్యంగా చేస్తే ప్రాణాపాయం ఊహించదగిన వస్తువును, కొన్నవాడు కాక ఇతరులు మళ్లీ పరీక్షించకుండా వాడతారని తెలిసి అమ్మే తయారీదారుకి, వాళ్లతో ఒప్పందం లేకపోయినా, జాగ్రత్తగా తయారుచేయాల్సిన బాధ్యత ఉంది."

కోర్టు రెండు విడి కారణాలు చెప్పి, ఏ ఒక్కటి ఉన్నా తీర్పు నిలిచేలా ఉంటే, వాంబా పరీక్ష రెండింటినీ తోసేస్తుంది. అది పరీక్షలోని లోటు. అలాంటప్పుడు రెండో కారణం లేదనుకుని మొదటిదాన్ని, మొదటిది లేదనుకుని రెండోదాన్ని విడివిడిగా పరీక్షించండి.

అభ్యాసం కష్టంగానే ఉంటుంది, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. నాలుగూ న్యూయార్క్ కేసులే. థామస్ కేసు, 1852: మందుల వ్యాపారి బెల్లడోనా విషానికి డాండెలియన్ సారం అన్న చీటీ అంటించాడు, అది ఇద్దరు దుకాణదారుల చేతులు మారి రోగికి చేరింది. వాది గెలుపు. లూప్ కేసు, 1870: రంపపు యంత్రం చక్రంలో లోపాన్ని తయారీదారే కొనేవాడికి చూపించాడు, చవకగా వస్తుందని అతను కొన్నాడు, ఐదేళ్లకి అది విరిగి యంత్రం లీజుకు తీసుకున్నవాడు చనిపోయాడు. వాది ఓటమి. లోసీ కేసు, 1873: కొన్న కంపెనీ స్వయంగా పరీక్షించి తీసుకున్న ఆవిరి బాయిలరు పేలి పొరుగువాడి భవనాలు దెబ్బతిన్నాయి. వాది ఓటమి. డెవ్లిన్ కేసు, 1882: పెయింటరుకి కట్టిచ్చిన పరంజా కూలి అతని పనివాడు చనిపోయాడు. పరంజా కట్టినవాడికి బాధ్యత ఉందన్నారు.

నాలుగు ఫలితాలూ ఇమిడేలా ఒక్క వాక్యం రాయండి. గెలిచిన రెండు కేసుల మీద తిరగేసి చూడండి. ఓడిన రెండింటిలో ఏ వాస్తవం ఆ వాక్యం నుంచి కేసును బయటపడేసిందో పక్కన ఒక్క ముక్కలో రాయండి. "ప్రతి" అన్న మాట మీ వాక్యంలో కనిపిస్తే, పంపేముందు దాన్ని మరోసారి తిరగేయండి.