బగ్ తెచ్చిన కమిట్‌ను గిట్ బైసెక్ట్‌తో పట్టుకోవడం ఎలా?

పోయిన విడుదలలో చక్కగా పనిచేసిన ఫీచర్ ఈ విడుదలలో పాడైంది. ఈ రెంటి మధ్య ఎన్నో చేతులు పడ్డాయి, వందల కమిట్లు (కోడ్‌లో ఒక్కోసారి నమోదు చేసిన మార్పులు) చేరాయి. ఇలాంటి బగ్‌ను రెగ్రెషన్ అంటారు. చాలామంది వెంటనే డీబగ్గర్ తెరుస్తారు, లేదా అనుమానం ఉన్న ఫైల్‌ను పైనుంచి కిందికి చదవడం మొదలుపెడతారు. ఆ కోడ్ మీకు కొట్టిన పిండి అయితే అదీ మంచి దారే. కాకపోతే, ఎక్కడ చెడిందో ఊహించే ముందు ఎప్పుడు చెడిందో తేల్చుకోండి. ఆ ప్రశ్నకు జవాబు పరీక్షించి చెప్పొచ్చు. అందుకు కోడ్ అర్థం కావలసిన అవసరం కూడా లేదు.

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఇందుకోసమే బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. బగ్ లేని పాత కమిట్ ఒకటి, బగ్ ఉన్న కొత్త కమిట్ ఒకటి చూపిస్తే, దాదాపు మధ్యలో ఉన్న కమిట్‌ను తెచ్చి మీ ముందు పెడుతుంది. మీరు దాన్ని పరీక్షించి గుడ్ అనో బ్యాడ్ అనో చెప్పగానే సగం చరిత్ర పక్కకు తప్పుకుంటుంది. ఇది బైనరీ సెర్చ్. 1,000 కమిట్లుంటే సుమారు 10 పరీక్షలు, 10,000 ఉంటే 13 లేదా 14. లినక్స్ కెర్నల్‌లో ఒక్కో విడుదలకు పదివేలకు పైగా కమిట్లు చేరుతుంటాయి. అయినా అక్కడ రెగ్రెషన్ గురించి ఫిర్యాదు చేసేవారిని బైసెక్ట్ చేసి చూడమని అడగడం పరిపాటి. ఈ లెక్క వల్లే అది సాధ్యమవుతోంది.

ఇక్కడ కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాం. టెర్మినల్‌లో మాత్రం వాటి ఇంగ్లీషు స్పెల్లింగ్‌ను చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

1. బగ్‌ను అవును-కాదు ప్రశ్నగా మార్చండి

"రిపోర్ట్ సరిగ్గా రావడం లేదు" అన్నది ప్రశ్న కాదు. "ఈ ఇన్‌పుట్ ఇస్తే మొత్తం 450 రావాలి, 0 వస్తోందా?" అన్నది ప్రశ్న. ఇంత కచ్చితంగా ఎందుకంటే, పాత కమిట్లలో వేరే బగ్‌లు కూడా ఉంటాయి. మధ్యలో ఒక కమిట్ దగ్గర ప్రోగ్రామ్ అసలు మొదలే కాకపోవచ్చు. దాన్ని చూసి బ్యాడ్ అనేస్తే వెతుకులాట మీ బగ్‌ను వదిలి ఆ బగ్ వెంట పోతుంది. మీరు వెతికే లక్షణం కనిపిస్తేనే బ్యాడ్, సరైన జవాబు వస్తేనే గుడ్. ఈ రెండూ కానిది స్కిప్. ఈ నియమాన్ని మొదలుపెట్టే ముందే రాసిపెట్టుకోండి. ఎనిమిదో పరీక్ష దగ్గర అలసిపోయాక అది అవసరమవుతుంది.

2. రెండు చివరలనూ పరీక్షించండి

పాత విడుదలలో బాగుండేదని జ్ఞాపకం మీద చెప్పకండి. ఆ విడుదలకు పెట్టిన ట్యాగ్‌ను (కమిట్‌కు ఇచ్చిన పేరు) చెకవుట్ చేసి, అంటే అప్పటి ఫైళ్లను తెరిచి, బిల్డ్ చేసి, అదే ప్రశ్న వేసి చూడండి. చాలామంది దాటేసే పని ఇదే, ఎక్కువ సమయం వృథా అయ్యేదీ ఇక్కడే.

ఒకప్పుడు బాగా నడిచిన ఆ కమిట్ కూడా ఇప్పుడు బగ్ చూపిస్తే, కారణం మీ రిపోలో (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) లేదన్నమాట. లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచే లాక్ ఫైల్ లేనందువల్ల ఏదో లైబ్రరీ కొత్త వెర్షన్ దిగి ఉండొచ్చు, కంపైలర్ మారి ఉండొచ్చు, సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు, డేటాబేస్‌లో కొత్త రకం రికార్డు చేరి ఉండొచ్చు, తేదీ మీద ఆధారపడిన లెక్క ఏదైనా తప్పి ఉండొచ్చు. అప్పుడు బైసెక్ట్ పక్కన పెట్టి ఆ వైపు చూడండి.

గుడ్ కమిట్ ఏదో తెలియకపోతే 100 కమిట్లు వెనక్కి వెళ్లి చూడండి. అక్కడా బగ్ ఉంటే 200, తర్వాత 400, ఆపైన 800. దూరం రెట్టింపైనా బైసెక్ట్‌కు పెరిగేది ఒక్క పరీక్షే కాబట్టి, బాగా వెనక్కి వెళ్లడానికి జంకనక్కర్లేదు.

3. వేరే ఫోల్డర్‌లో పనిచేయండి

బైసెక్ట్ ప్రతి మెట్టులో ఫైళ్లను మార్చేస్తుంది. మీరు సగంలో ఆపిన పని అదే ఫోల్డర్‌లో ఉంటే చెకవుట్‌కు అడ్డుపడుతుంది, లేదా కమిట్ చేయని మార్పులు పరీక్షలో కలిసిపోయి ఫలితాన్ని చెడగొడతాయి. గిట్ వర్క్‌ట్రీ యాడ్ కమాండ్‌కు ఒక కొత్త ఫోల్డర్ దారి, ఒక కమిట్ ఇవ్వండి. అదే రిపోకు రెండో పని స్థలం తయారవుతుంది.

కొత్త వర్క్‌ట్రీలోకి గిట్ ఇగ్నోర్ చేసిన ఫైళ్లు రావు. సెట్టింగులుండే ఎన్వ్ ఫైల్ లాంటివి మీరే కాపీ చేయాలి. డేటాబేస్ కూడా పరీక్ష కోసం విడిగా ఒకటి పెట్టుకోండి. మైగ్రేషన్లు (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్టులు) నడిచిన కొత్త టేబుళ్ల మీద పాత కోడ్ నడిపితే వచ్చే ఎర్రర్లు మీ బగ్‌కు సంబంధం లేనివి.

4. చేతితో నడపడం

గిట్ బైసెక్ట్ స్టార్ట్ అనండి. తర్వాత గిట్ బైసెక్ట్ బ్యాడ్ అంటే ఇప్పుడున్న కమిట్‌కు బ్యాడ్ గుర్తు పడుతుంది. గిట్ బైసెక్ట్ గుడ్ పక్కన పాత ట్యాగ్ పేరు ఇవ్వండి. గిట్ మధ్య కమిట్‌కు దూకి, ఇంకా ఎన్ని కమిట్లు, సుమారు ఎన్ని మెట్లు మిగిలాయో చెబుతుంది. పరీక్షించడం, గుడ్ లేదా బ్యాడ్ అనడం, అంతే. పరీక్షించలేనిది వస్తే గిట్ బైసెక్ట్ స్కిప్. పని అయ్యాక గిట్ బైసెక్ట్ రీసెట్ అంటే మొదలుపెట్టిన చోటికి తిరిగి వస్తారు.

మీరిచ్చిన గుడ్ కమిట్ వేరే బ్రాంచ్‌లో (చరిత్రలో విడిగా సాగిన శాఖలో) ఉంటే, గిట్ ముందుగా ఆ రెండు బ్రాంచ్‌లు విడిపోయిన చోటు, అంటే మెర్జ్ బేస్, పరీక్షించమంటుంది. అక్కడే బగ్ ఉంటే, మీ గుడ్ బ్రాంచ్‌లో ఎవరో దాన్ని సరిచేశారనీ, ఆ సవరణ ఇటు రాలేదనీ అర్థం. అప్పుడు ఆ సవరణ ఎక్కడుందో వెతకడమే దగ్గర దారి.

పొరపాటున గుడ్ బదులు బ్యాడ్ అన్నారా? మొదటినుంచి చేయక్కర్లేదు. గిట్ బైసెక్ట్ లాగ్ అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌లో దాచి, తప్పు జవాబు ఉన్న వరుసనూ దాని తర్వాతివాటినీ తీసేసి, రీసెట్ చేసి, గిట్ బైసెక్ట్ రీప్లే పక్కన ఆ ఫైల్ పేరు ఇవ్వండి.

బగ్ ఒక్క ఫోల్డర్‌కే పరిమితమని రూఢిగా తెలిస్తే, స్టార్ట్ తర్వాత రెండు హైఫన్లు, ఆ ఫోల్డర్ దారి ఇస్తే దాన్ని తాకిన కమిట్లను మాత్రమే చూస్తుంది. రూఢిగా తెలియకపోతే ఈ సౌకర్యం జోలికి పోకండి. ఆదా అయ్యేది రెండు మూడు పరీక్షలే, అసలు దోషి జాబితా నుంచి జారిపోతే శ్రమంతా వృథా.

5. స్క్రిప్ట్‌కు అప్పగించడం

బైసెక్ట్ అసలు బలం గిట్ బైసెక్ట్ రన్‌లో ఉంది. దానికి ఒక స్క్రిప్ట్ ఇస్తే ప్రతి మెట్టులో దాన్ని నడిపి, ఎగ్జిట్ కోడ్‌ను, అంటే ముగిసేటప్పుడు అది తిరిగి ఇచ్చే సంఖ్యను బట్టి నిర్ణయం తీసుకుంటుంది. 0 అంటే గుడ్. 125 అంటే స్కిప్. 125 మినహా 1 నుంచి 127 వరకు ఏది వచ్చినా బ్యాడ్. 128, ఆ పైన వస్తే వెతుకులాట అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ నాలుగు వాక్యాలను పట్టించుకోకపోవడం వల్లే స్క్రిప్ట్‌తో చేసిన బైసెక్ట్‌లు ఎక్కువగా తప్పుడు కమిట్‌ను చూపిస్తాయి.

స్క్రిప్ట్‌ను రిపో బయట పెట్టండి. లోపల కమిట్ చేసి ఉంటే, పాత కమిట్‌కు వెళ్లగానే అది మాయమవుతుంది. కమాండ్ దొరకలేదని షెల్ 127 ఇస్తే గిట్ దాన్ని బ్యాడ్ కింద లెక్కేయొచ్చు. పరీక్ష ఫైల్‌కూ ఇదే వర్తిస్తుంది. బగ్‌ను పట్టే టెస్ట్ మీరు ఈరోజు రాశారు, పాత కమిట్లలో అది లేదు. కాబట్టి స్క్రిప్టే దాన్ని బయటినుంచి తెచ్చి పెట్టాలి, పరీక్ష అయ్యాక తీసేయాలి.

స్క్రిప్ట్‌లో పనులు ఈ వరుసలో ఉండాలి. ముందు లాక్ ఫైల్ ప్రకారం డిపెండెన్సీలు (కోడ్‌కు కావలసిన లైబ్రరీలు) ఇన్‌స్టాల్ చేయడం, విఫలమైతే 125. తర్వాత బిల్డ్, విఫలమైతే 125. చివరగా పరీక్ష, దాని ఫలితం. నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రాజెక్టుల్లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి. ఇన్‌స్టాల్ లాక్ ఫైల్‌ను మార్చవచ్చు, మారితే తర్వాతి చెకవుట్ ఆగిపోతుంది. సీఐ ఆ ఫైల్‌ను ముట్టుకోదు. సబ్‌మాడ్యూళ్లు (రిపో లోపల చేర్చిన వేరే రిపోలు) ఉంటే ప్రతి మెట్టులో గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కూడా నడపాలి, లేకపోతే కొత్త సబ్‌మాడ్యూల్ మీద పాత కోడ్‌ను పరీక్షిస్తుంటారు.

టెస్ట్ రన్నర్ ఇచ్చే కోడ్‌ను ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వకండి. ఉదాహరణకు పైథాన్ టెస్ట్ రన్నర్ అయిన పైటెస్ట్, టెస్టులు విఫలమైతే 1 ఇస్తుంది. ఇంపోర్ట్ ఎర్రర్ వల్ల టెస్టులను సేకరించలేకపోతే 2, ఇచ్చిన ఫైల్ లేకపోతే 4, ఒక్క టెస్టూ దొరకకపోతే 5. గిట్ దృష్టిలో ఇవన్నీ బ్యాడ్. మీకు కావలసింది 1 మాత్రమే. కాబట్టి 0 వస్తే 0, 1 వస్తే 1, మిగతావన్నీ 125 అయ్యేలా రాయండి. మీ బగ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తప్పుడు మెమరీని తాకి ప్రోగ్రామ్ కూలిపోవడం) అయితే లెక్క తలకిందులవుతుంది. షెల్ దానికి 139 ఇస్తుంది, గిట్ ఆగిపోతుంది. దాన్ని 1గా మార్చాలి. ప్రోగ్రామ్ వేలాడిపోతుందనే భయం ఉంటే టైమ్‌అవుట్ కమాండ్ వాడండి. గడువు దాటితే అది 124 ఇస్తుంది. వేలాడటమే మీ బగ్ అయితే ఆ 124 సరైన జవాబే, కాకపోతే 125గా మార్చండి.

పాత బిల్డ్ తాలూకు మిగులు ఫైళ్లు ఇంకో ఉచ్చు. కోడ్ మారినా కాష్‌లో ఉన్న పాత ఫైలే నడిచి గుడ్ అనిపించవచ్చు. ప్రతి మెట్టులో బిల్డ్ ఫోల్డర్‌ను తీసేయడం సురక్షితం. గిట్ క్లీన్‌కు ఎఫ్, డి, ఎక్స్ ఆప్షన్లు మూడూ ఇస్తే గిట్ ఇగ్నోర్ చేసినవి కూడా పోతాయి, అంటే మీ ఎన్వ్ ఫైల్ కూడా పోతుంది. ముందు ఎన్ ఆప్షన్ కూడా చేర్చి ఏవేవి పోతాయో చూసుకోండి. ఉంచవలసినవాటిని ఇ ఆప్షన్‌తో మినహాయించండి.

స్క్రిప్ట్ రాశాక ముందు గుడ్ కమిట్ మీద ఒకసారి, బ్యాడ్ కమిట్ మీద ఒకసారి చేతితో నడపండి. ఎగ్జిట్ కోడ్ 0, 1 వస్తేనే రన్‌కు అప్పగించండి.

6. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే బగ్

బైసెక్ట్‌లో ఒక్క తప్పుడు గుడ్ పడితే అసలు కమిట్ ఉన్న సగం పోయినట్టే, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా దొరకదు. బగ్ 10 సార్లలో 3 సార్లే వస్తుందనుకుందాం. ఒక్కసారి నడిపి గుడ్ అంటే తప్పిపోయే అవకాశం 70 శాతం. 10 సార్లు నడిపితే అది సుమారు 2.8 శాతానికి, 20 సార్లు నడిపితే 0.1 శాతం లోపుకు దిగుతుంది. కాబట్టి స్క్రిప్ట్‌లో 20 సార్ల లూప్ పెట్టండి. ఒక్కసారి బగ్ కనిపించినా వెంటనే 1 ఇచ్చి ఆపండి, అన్నీ బాగుంటేనే 0. అంతకన్నా అరుదుగా వచ్చే బగ్ అయితే, సమాంతరంగా ఎక్కువ పనులు నడిపి లేదా కావాలని జాప్యం చేర్చి అది తరచూ వచ్చేలా చేశాకే బైసెక్ట్ మొదలుపెట్టండి.

వేగం తగ్గడాన్నీ ఇలాగే పట్టొచ్చు. పాతది 200 మిల్లీసెకన్లు, కొత్తది 320 తీసుకుంటుంటే హద్దు 260 దగ్గర పెట్టి, 5 సార్లు నడిపిన కొలతల్లో మధ్య విలువను దానితో పోల్చండి. ఇక్కడ గుడ్, బ్యాడ్ మాటలు తికమక పెడితే స్టార్ట్ దగ్గర టర్మ్-ఓల్డ్, టర్మ్-న్యూ ఆప్షన్లతో ఫాస్ట్, స్లో అని మీ పేర్లు పెట్టుకోవచ్చు.

7. కమిట్ దొరికాక

గిట్ మొదటి బ్యాడ్ కమిట్ ఇదీ అని చూపిస్తుంది. స్కిప్‌లు ఎక్కువైతే ఒకటి కాక కొన్నిటి జాబితా ఇస్తుంది, అదీ ఉపయోగమే. ఇప్పుడు తాజా కోడ్ మీద ఆ కమిట్‌ను గిట్ రివర్ట్ చేసి, అంటే దాని మార్పులను వెనక్కి తీసి, బగ్ పోయిందో లేదో చూడండి. పోతే దారి సరైనదే. అయినా ఆ కమిట్ రాసినవారిదే తప్పని తేల్చేయకండి. ఎప్పటినుంచో దాగి ఉన్న లోపాన్ని అది బయటికి తెచ్చి ఉండొచ్చు. ఉదాహరణకు విలువ ఇవ్వని వేరియబుల్ ఏళ్ల తరబడి అదృష్టవశాత్తూ సున్నాగా ఉండి, మెమరీ అమరిక మారగానే బయటపడుతుంది. రివర్ట్ చేస్తే లక్షణం పోతుంది, లోపం మిగిలే ఉంటుంది.

కమిట్ మరీ పెద్దదైతే, అందులోని మార్పులనే సగాలుగా విడగొట్టి వెతుకులాట కొనసాగించండి. దానికి ముందున్న కమిట్ మీద కొత్త బ్రాంచ్ తెరిచి, మార్పుల్లో సగం ఫైళ్లను మాత్రమే తెచ్చి పరీక్షించాలి.

బగ్‌ను సరిచేసినప్పుడు, వెతకడానికి వాడిన పరీక్షను రిపోలోకి చేర్చండి. సరిచేసిన కమిట్ సందేశంలో కారణమైన కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) రాయండి. లినక్స్ కెర్నల్‌లో దీనికి ఫిక్సెస్ అనే వరుస ఉంటుంది, హ్యాష్‌లో కనీసం మొదటి 12 అక్షరాలు ఇస్తారు. పాత విడుదలలను నిర్వహించేవారికి ఏ వెర్షన్‌లో ఈ సవరణ అవసరమో దాన్నిబట్టే తెలుస్తుంది.

8. చరిత్రను బైసెక్ట్‌కు అనువుగా ఉంచడం

ప్రతి కమిట్ బిల్డ్ అవ్వాలి. "పని సగంలో ఉంది" అంటూ విరిగిన కమిట్లు మెయిన్ బ్రాంచ్‌లోకి వెళ్తే ప్రతిదీ ఒక స్కిప్ అవుతుంది. ఫార్మాటింగ్ మార్పులను, ప్రవర్తన మార్పులను ఒకే కమిట్‌లో కలపకండి. బ్రాంచ్‌లు మెర్జ్ అయ్యే పద్ధతి ఉన్న టీములు స్టార్ట్ దగ్గర ఫస్ట్-పేరెంట్ ఆప్షన్ ఇస్తే, బ్రాంచ్ లోపలి కమిట్లను వదిలేసి మెయిన్ బ్రాంచ్‌లోకి ఏ మెర్జ్‌తో బగ్ వచ్చిందో ముందు తెలుస్తుంది. మీ బ్రాంచ్‌ను పంపే ముందు గిట్ రీబేస్‌కు ఎగ్జెక్ ఆప్షన్‌తో టెస్ట్ కమాండ్ ఇస్తే అది ఒక్కో కమిట్ మీద నడుస్తుంది, విఫలమైన చోట ఆగుతుంది. అక్కడే ఆ కమిట్‌ను అమెండ్ చేసి (సరిదిద్ది), గిట్ రీబేస్‌కు కంటిన్యూ చెప్పి ముందుకు వెళ్లండి.