చెరువులో తెల్లారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోకుండా ఏం చేయాలి, ఆక్సిజన్ టాబ్లెట్లు ఎంతవరకు పనిచేస్తాయి

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లని ఎవర్నడిగినా ఇదే చెప్తారు, పగలంతా చెరువు బానే ఉంటది, తేడా కొట్టేది తెల్లారుజామునే అని. కారణం పెద్ద రహస్యమేం కాదు, ఎండ ఉన్నంతసేపు నీళ్లలో ప్లాంక్టన్ (నీళ్లకి ఆకుపచ్చ రంగు ఇచ్చే సన్నటి నాచు) ఆక్సిజన్ తయారుచేస్తది, పొద్దుగూకాక తయారీ ఆగిపోద్ది కానీ వాడకం ఆగదు, రొయ్య పీలుస్తది, అదే ప్లాంక్టన్ పీలుస్తది, అడుగున మిగిలిన మేత కుళ్లుతుంటే అక్కడి బ్యాక్టీరియా కూడా బాగా లాగేస్తది. అందుకే మధ్యాహ్నం 3 గంటలకి 10 పీపీఎం (లీటరు నీళ్లలో 10 మిల్లీగ్రాములు) చూపించిన చెరువు తెల్లారి 5 గంటలకి 2కి దిగిపోవచ్చు. మధ్యాహ్నం రీడింగ్ చూసి ధైర్యంగా పడుకోవద్దండి.

నీళ్లంటేనే హైడ్రోజన్, ఆక్సిజన్ కదా, మళ్లీ కొరతేంటి అని కొత్తగా లీజుకి తీసుకున్నవాళ్లు అడుగుతుంటారు. ఆ ఆక్సిజన్ హైడ్రోజన్‌తో గట్టిగా బంధం వేసుకుని ఉంటది, దాన్ని రొయ్య మొప్పలు విడదీసుకోలేవు, వాటికి కావాల్సింది గాలిలోంచి వచ్చో ప్లాంక్టన్ వదిలితేనో నీళ్లలో కరిగి విడిగా ఉన్న ఆక్సిజన్. అది కరిగేదే చాలా తక్కువ. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో గాలి నుంచి కరిగేది 7.5 మిల్లీగ్రాములే, అంటే 7.5 పీపీఎం. ఉప్పు పెరిగితే ఇంకా తగ్గుద్ది, సముద్రపు నీళ్లంత ఉప్పుంటే 6.2 దగ్గర ఆగిపోద్ది. వేడెక్కినా తగ్గుద్ది, పైగా వేడిలో రొయ్యకి ఆక్సిజన్ అవసరం పెరుగుద్ది, ఎండాకాలం రాత్రులు ఇబ్బంది పెట్టేది ఇందుకే.

ముందు కొలవడం నేర్చుకోండి. మీటర్ ఉంటే ఉప్పు శాతం సెట్ చేసి, గాలిలో పెట్టి క్యాలిబ్రేట్ చేసి (రీడింగ్ సరిచేసుకుని) వాడండి. లేకపోతే చెరువు మందుల షాపుల్లో దొరికే డీవో కిట్ చాలు, అది 1888లో వింక్లర్ అనే హంగేరీ కెమిస్ట్ కనిపెట్టిన పద్ధతే. రొయ్య తిరిగేది అడుగున కాబట్టి నీళ్లు కూడా అడుగు నుంచి ఒక అడుగు పైన తీయండి, సీసాలో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు, ఉంటే అందులోని ఆక్సిజన్ కూడా లెక్కలోకి వచ్చేస్తది. మాంగనీస్ మందు, ఆ తర్వాత అయోడైడ్ మందు చుక్కలు వేసి మూత పెట్టి తిప్పితే ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి దిగుద్ది, మడ్డి తెల్లగా దిగిందంటే ఆక్సిజన్ దాదాపు లేనట్టే, అప్పుడు మిగతా టెస్ట్ కోసం ఆగకుండా వెళ్లి ఏరియేటర్ (నీళ్లని చిలికి గాలి కలిపే మిషన్) వేసేయండి. గోధుమరంగు వస్తే యాసిడ్ చుక్కలు వేయండి, మడ్డి కరిగి నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి, ఆ రంగు పోయేదాకా చివరి మందు చుక్క చుక్క లెక్కపెడుతూ వేయాలి, చుక్కకి ఎంత పీపీఎం అనేది కిట్ కాగితం మీద ఉంటది. యాసిడ్ చేతులకి తగలకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు పని, రాత్రి ఏం జరగబోతుందో సాయంత్రమే లెక్కేయడం. చీకటి పడ్డాక 7 గంటలకి ఒకసారి, 10 గంటలకి ఇంకోసారి చూడండి. ఉదాహరణకి 7కి 8 పీపీఎం, 10కి 6.5 వచ్చిందనుకోండి, గంటకి అర పీపీఎం చొప్పున పడుతున్నట్టు. అదే లెక్కన తెల్లవారి 3 గంటలకి 4కి వస్తది, 5కి 3కి వస్తది. రొయ్యని 4 కిందకి దిగనివ్వకూడదు కాబట్టి ఆ చెరువులో 3 గంటలకి కాదు, 2 గంటలకే ఏరియేటర్లన్నీ తిరుగుతూ ఉండాలి. రొయ్యలు పైకొచ్చి గట్టు వారన తిరిగేదాకా ఆగితే అప్పటికే చాలా ఆలస్యం అయిపోద్ది. 1 హెచ్‌పీ ఏరియేటర్‌కి 400 నుంచి 500 కిలోల రొయ్య అని అందరూ వేసుకునే లెక్క, సరుకు పెరిగేకొద్దీ ఏరియేటర్లు కూడా పెంచుకోవాలి.

ఇక టాబ్లెట్లు. చాలావాటిలో ఉండేది సోడియం పెర్కార్బొనేట్, నీళ్లలో పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలై, అది నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోద్ది. కెమిస్ట్రీ నిజమే, కానీ లెక్క చూడండి. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు అంటే సుమారు 6,000 ఘనపు మీటర్ల నీళ్లు, అందులో 1 పీపీఎం పెంచాలంటే 6 కిలోల ఆక్సిజన్ కావాలి, కిలో పెర్కార్బొనేట్ మహా అయితే 150 గ్రాములు ఇస్తది. అంటే ఒక్క పీపీఎం కోసం 40 కిలోలు! ఎకరానికి కిలో రెండు కిలోలు చల్లి చెరువంతా డీవో పెరుగుద్దని నమ్మడం రొయ్య ప్రాణాలతో ఆటే. కుళ్లి నల్లబడ్డ మట్టి చేరిన చోట, మేత ఎక్కువ పడే చోట అడుగున వేస్తే కాసేపు ఊపిరి ఇస్తది, ఏరియేటర్ తిరిగేలోపు ఆదుకుంటది, దాని పని అంతవరకే. నిల్వ చేసేటప్పుడు తడి తగలనివ్వకండి, డీజిల్ డబ్బాల పక్కన అస్సలు పెట్టొద్దు, మంట అంటుకుంటే దాన్నుంచి వచ్చే ఆక్సిజన్ మంటని ఇంకా ఎగదోస్తది.

ముసురు పట్టిన రోజుల్లో పైన చెప్పిన లెక్క సాయంత్రం ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి, ఎండ లేక పగలే ఆక్సిజన్ తక్కువ తయారై ఉంటది. పెద్ద వాన పడితే వాననీళ్లు ఉప్పునీటి మీద పొరలా నిలబడతాయి, పైన ఆక్సిజన్ ఉన్నా అడుక్కి చేరదు, కలపడానికైనా ఏరియేటర్లు తిప్పాలి. ఆకుపచ్చగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి తేటపడ్డాయంటే ప్లాంక్టన్ చచ్చిందని అర్థం, అది కుళ్లడానికి కూడా ఆక్సిజనే కావాలి, ఆ రోజు మేత ఆపేయండి, ఏరియేటర్లు పగలు కూడా ఆపొద్దు. వానల్లో కరెంట్ పోతుంటది కాబట్టి జనరేటర్‌ని సాయంత్రమే ఒకసారి లోడ్ మీద నడిపి చూసుకోండి, వైర్లకి ఎక్కడన్నా అతుకులు ఉంటే మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టండి.